తీసిన ఫోటో, దిగిన ఫోటో

శీతకాలం వచ్చిందంటే అబూ హమూర్‌లో మన కుటుంబాలు శుక్రవారం సాయంత్రం ఇంటిపట్టున ఉండవు. ఏడాదిలో సగానికి పైగా తలుపులు బిగించుకొని ఏసీ కింద కూర్చున్న బాకీ అంతా నవంబరు నుంచి మార్చి లోపల తీర్చుకోవాలి మరి. పులిహోర డబ్బా, చాప, ఫ్లాస్కులో టీ, పిల్లలకు మారుబట్టలు కారులో పడేసుకొని దక్షిణంగా అల్ వక్రా దారి పడితే ఇరవై నిమిషాల్లో సముద్రం. ఒకప్పుడు ముత్యాలకూ చేపలకూ పడవలు బయలుదేరిన ఊరది. అక్కడ నీళ్ళు లోతు తక్కువ; చిన్నపిల్లలున్న తల్లులకు ధైర్యంగా ఉంటుంది.

ఈ మధ్య ఆ సామానులో ఇంకొకటి చేరింది, కెమెరా. ఫోనులో ఉండేది కాదు, మెడకు పట్టీ వేసికొని తగిలించుకొనే అసలు కెమెరా. మేమూ ఒకటి కొన్నాము. కొన్నాక తెలిసిందేమిటంటే, ఇప్పుడు వరసగా నిలబెట్టి ఫోటో తీయడం పాతపద్ధతి అట, నామోషీ అట. తీస్తే "క్యాండిడ్" తీయాలి. అంటే ఎదుటివాళ్ళు ఏదో పనిలో, ఏదో ధ్యాసలో ఉండగా వాళ్ళకు తెలియకుండా పట్టెయ్యాలి. లాటినులో ఆ మాటకు మూలార్థం తెలుపు అని. మేము వైద్యులం కనుక అదే మూలం నుంచి వచ్చిన క్యాండిడా అనే బూజుతోనే మాకు ఎక్కువ పరిచయం. అది వేరే సంగతి.

మన సంఘం వనభోజనానికి వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒకాయన పాపం ఇసకలో మోకాళ్ళ మీద కూర్చొని "ఎవరూ ఇటు చూడకండి! మామూలుగా ఉండండి! వదినా, మీరు కాస్త మామూలుగా నవ్వండి!" అని కేకలు పెట్టాడు. మామూలుగా ఎలా ఉండాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆనాడు అందరితోపాటు మేమూ నవ్వాము. ఆ నవ్వు అడుగున ఒక ప్రశ్న ఉన్నదని తర్వాత గాని తెలియలేదు. చెప్పి తీస్తే ముఖం మారుతుంది, నిజమే. అయితే చెప్పకుండా తీసినంత మాత్రాన అది నిజమైన ముఖమవుతుందా? అయినా, ఆ ముఖం ఎవరిది? చూసినవాడిదా, మోసినవాడిదా?

మన భాషలో ఒక చిత్రముంది. తీసేవాడు ఫోటో "తీస్తాడు". ఎదుట నిలబడ్డవాడు ఫోటో "దిగుతాడు". ఏట్లో దిగినట్టు, బరిలోకి దిగినట్టు, మనిషి తన ఇష్టంతో చేసే పని అది. "మీ పెళ్ళిలో ఫోటో దిగలేదా?" అని అడుగుతామే గాని "నిన్ను తీయలేదా?" అని అడగము. పాతకాలం ఫోటోలన్నీ దిగిన ఫోటోలే. స్టూడియోలో వెనక తెర, ఆ తెర మీద రంగులతో వేసిన మేడో తోటో సముద్రమో, పక్కన స్టూలు మీద పూలకుండీ. మగవాడు కుర్చీలో, ఆడమనిషి భుజం వెనక, చంటిది ఒళ్ళో. ఒక్కరి పెదవీ కదలదు. తొలిరోజుల్లో బొమ్మ పడడానికి చాలాసేపు పట్టేది కనుక తల కదలకుండా వెనకనుంచి ఇనపకొక్కెం ఆనించేవారు. తర్వాత ఆ అవసరం పోయింది గాని బిగుసుకొని నిలబడే అలవాటు మనవాళ్ళకు పోలేదు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మినవాళ్ళు మన ఇళ్ళలో నిన్నమొన్నటి దాకా ఉన్నారు.

మా నాయనమ్మ ఆ నమ్మకం గలదేనో, లేక స్టూడియో దాకా తీసికొని వెళ్ళినవాళ్ళు లేరో, తెలియదు. మాది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆమె పోయింది, ఇల్లూ పోయింది. ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. అప్పటికి మా నాన్నగారి వయస్సు ఇరవైరెండు.

హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ పేరు విననివారుండరు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడు. ఆయన 1892లో ఘోషా స్త్రీలకోసం ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో తెరిచాడు. కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని దానిని నడిపింది. పరాయి మగవాడి కంట పడకుండా ఆ స్త్రీలు అక్కడ ఫోటో దిగవచ్చు. సరిగ్గా అదే 1892లో ఇంగ్లండులో యార్మత్ అనే ఊళ్ళో, సముద్రపుటొడ్డున, పాల్ మార్టిన్ అనే ఆయన సంకలో ఒక పొట్లం పెట్టుకొని తిరిగాడు. ఆయన చెక్కమీద బొమ్మలు చెక్కే వృత్తిలో ఉన్నవాడు. ఆ పొట్లం నిజానికి కెమెరా. ఇసకలో పడుకొని కబుర్లు చెప్పుకొంటున్న జంటల్ని, నీళ్ళలో గౌను ఎత్తిపట్టుకొన్న ఆడవాళ్ళని వాళ్ళకు తెలియకుండా తీశాడు. సముద్రతీరాన క్యాండిడ్ ఫోటోలకు ఆయనను తాతగారు అనవచ్చు. ఒకే సంవత్సరంలో ఒకచోట, ఎవరు చూడాలో తామే నిర్ణయించుకొనేటందుకు స్త్రీలకు ఒక నీడ. ఇంకొకచోట, చూస్తున్నట్టు తెలియకుండా చూడడానికి ఒక పొట్లం. మార్టిన్ ఫోటోలు చాలా అందంగా ఉంటాయి. వాటిని చూసి ఆనందించి కూడా, ఆ జంటల్లో ఎవరు ఎవరికి చెప్పి వచ్చారో, ఆ బొమ్మ ఎవరింట్లో ఏ తుఫాను రేపి ఉంటుందో అని మేము అనుకోకుండా ఉండలేము.

అంతకు నాలుగేళ్ళ ముందు, 1888లో, కొడాక్ పెట్టె బజారులోకి వచ్చింది. మరి రెండేళ్ళకే, 1890లో, వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు బోస్టన్ న్యాయవాదులు మనిషిని అతని మానాన వదిలివేయడం కూడా ఒక హక్కేనని వాదిస్తూ వ్యాసం రాశారు. వారిని కలవరపెట్టిన వాటిలో పత్రికలతో పాటు ఈ చిటికెలో తీసే ఫోటోలూ ఉన్నాయి. పనిముట్టు పుట్టిన రెండేళ్ళకు దాని మీద ఫిర్యాదు పుట్టిందన్నమాట. కత్తి కనిపెట్టినప్పుడు కూడా ఇంత త్వరగా ఎవరూ ఫిర్యాదు చేసి ఉండరు.

ఇక మా వృత్తి సంగతి. తెలియకుండా చూడడం వైద్యుడికి మొదటి పాఠం. రోగి గది తలుపు తీసికొని లోపలికి వచ్చి కుర్చీలో కూర్చొనే లోపల సగం పరీక్ష అయిపోవాలని మా ప్రొఫెసర్లు నేర్పారు. ఎలా నడిచాడు, ఏ చేత్తో తలుపు తోశాడు, కూర్చోవడానికి బల్ల పట్టుకొన్నాడా, లేదా. ఊపిరి లెక్కపెట్టే పద్ధతి మరీ మోసం. "మీ ఊపిరి లెక్కపెడుతున్నాను" అని చెబితే ఏ మనిషీ మామూలుగా పీల్చడు. కనుక నాడి చూడడం అయిపోయినా మణికట్టు మీద వేళ్ళు తీయకుండా, కళ్ళు మాత్రం ఛాతీ మీద ఉంచి లెక్కపెడతాము. అతడు నాడి చూస్తున్నామనుకొంటాడు. మా జీవితంలో ఈ చిన్న అబద్ధం ఎన్ని వేలసార్లు ఆడి ఉంటామో. దీనికి ఎవరూ మమ్మల్ని తప్పుపట్టలేదు, మేమూ పట్టుకోలేదు. చూసింది అతడి కోసమే చూశాము; చూసింది కేసు షీటులో రాసి మూసేస్తాము.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వణుకుడు వాతం గురించి చిన్న పుస్తకం రాశాడు. మన పెద్దలు కంపవాతం అనే ఆ జబ్బుకు తర్వాత ఆయన పేరే నిలిచింది. ఆ పుస్తకానికి ఆధారం ఆరుగురు మనుషులు. వారిలో ఇద్దరు ఆయనకు వీధిలో తారసపడ్డవారు. మరొకరిని దూరం నుంచి చూడడం తప్ప దగ్గరకు కూడా పోలేదు. అంటే ఆ జబ్బు గురించి లోకానికి తెలిసిన మొదటి మాటల్లో కొన్ని, చెప్పకుండా చూసిన చూపులో నుంచి వచ్చినవే. ఈ సంగతి మేము కాలేజీలో చదివినప్పుడు మెచ్చుకొన్నాము. ఎంత పదునైన కన్ను అనుకొన్నాము. ఆ వీధిలో మనిషి వైపునుంచి ఆలోచించవలసిన అవసరం అప్పట్లో రాలేదు.

కిందటి జనవరిలో అమ్మా నాన్నగారూ విజిట్ వీసా మీద మా దగ్గరకు వచ్చారు. మేముండేది అబూ హమూర్‌లో ఒక విల్లాలో పై వాటా. నాన్నగారు హైస్కూలులో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. తెల్లవారకముందే లేచి, కింద వీధిలో పిల్లుల్ని పలకరించి, దార్ అల్ సలామ్ మాల్ దాకా నడిచి వచ్చేవారు. మొదటి శుక్రవారం వక్రా తీసికొని వెళ్ళాము. ఆయన ఒడ్డున నిలబడి, వెనక్కు తిరిగి సూర్యుణ్ణి చూసి, మళ్ళీ నీళ్ళవైపు చూసి "ఇక్కడా సముద్రం తూర్పునే ఉందిరా" అన్నారు. పరాయిదేశంలో ఒక వస్తువు ఉండవలసిన చోట ఉన్నందుకు ఆయనకు కలిగిన తృప్తి ఆ గొంతులో వినిపించింది.

ఫోటోలు తీసేవాడికి కూడా ఆ తూర్పు సముద్రం మేలే. సాయంత్రపు ఎండ మన వీపు వెనకనుంచి వచ్చి ఎదుటివాళ్ళ మీద పడుతుంది, అంతా బంగారం పూసినట్టు ఉంటుంది. ఆ రోజు మేము నూటయాభై దాకా తీశాము. నాన్నగారు నీళ్ళ అంచున ఒంటరిగా నడుస్తున్నారు. వెనక దూరంగా మా పాప. మీట నొక్కి పట్టుకొంటే టకటక వరసగా ఎనిమిది పడ్డాయి. ఇంటికి వచ్చి చూసికొని ఇంతకంటె మంచివి మేమెప్పుడూ తీయలేదని మురిసిపోయాము. ఆ రాత్రే మొత్తంలో పన్నెండు ఏరి, వాటిలో నాలుగు ఆ నడకవి, మన ఊళ్ళో చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గుంపులో పెట్టాము. ముప్ఫైనాలుగు మంది ఉంటారు అందులో.

మర్నాడు పొద్దున్నే మా మేనత్త అమ్మకు ఫోను చేసింది. "వదినా, అన్నయ్య కుడిచెయ్యి ఏమయింది? ఎడమచెయ్యి ఊగుతోంది, కుడిది కదలడం లేదు. మా మామగారికి ఇలాగే మొదలయింది" అన్నది.

మా మేనత్త ఐదో తరగతి దాటి చదువుకోలేదు. మేము ఎం.బి.బి.ఎస్. మీద ఎం.డి. చేశాము. ఆ ఎనిమిది ఫోటోలూ వరసగా పెట్టి చూస్తే ఎడమచెయ్యి ఎనిమిదింటిలో ఎనిమిదిచోట్ల ఉంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంగి, అన్నిటిలోనూ ఒకేచోట ఉంది. వైద్యవిద్యార్థికి చూపించే పాఠం. వెలుగు బాగుంది, నీడ బాగుంది అని చూశాము గాని చెయ్యి చూడలేదు. ముందటి వారం ఇంట్లో దిగిన ఫోటోలు తీసి చూశాము. ఒకదానిలో కుడిచెయ్యి జేబులో ఉంది. ఒకదానిలో మనవరాలి భుజం మీద ఉంది. ఇంకొకదానిలో నీళ్ళసీసా పట్టుకొని ఉంది. ఊరికే ఉన్న చెయ్యి వణుకుతుంది, ఏదైనా పట్టుకొంటే తగ్గుతుంది. ఈ సంగతి ఆయనకు తెలుసన్నమాట.

తెలుసు. అప్పటికి ఆరు నెలల ముందే విజయవాడలో ఒక డాక్టరుకు చూపించుకొన్నారు. మాత్రలు వేసికొంటున్నారు, అవి బి.పి. మాత్రలని అమ్మకు చెప్పారు. చెబితే మేము ఉద్యోగం మానుకొని వచ్చేస్తామేమోనని, అమ్మ భయపడుతుందని, ఈ ప్రయాణం జరగదని. తిరిగి వెళ్ళేముందు, చివరి వారంలో, అమ్మ లేనప్పుడు మాతో చెబుదామని అనుకొన్నారట. ఎలా మొదలుపెట్టాలో కూడా ఆలోచించుకొన్నారట. ఇవేవీ జరగలేదు. అమ్మ ఫోను పెట్టేసి వంటింట్లోంచి వచ్చి "ఏమండీ, చెయ్యి చూపించండి" అన్నది.

ఆయన మా మీద కోపపడలేదు. అది మాకు మరీ బరువయింది. ఆసుపత్రిలో ఒక రోగి పుండు ఫోటో తీయాలంటే మేము కాగితం మీద సంతకం పెట్టించుకొంటాము. ముఖం కనపడనివ్వము. పేరు రాయము. ఆ ఫోటో ఎవరు చూస్తారో చెబుతాము. వద్దంటే మానుకొంటాము. ఇంత తెలిసిన వాళ్ళం, కన్నతండ్రి రోగలక్షణాన్ని పేరూ ముఖమూ ఊరూ సహా ముప్ఫైనాలుగు మందికి పంపాము. పైగా ప్రేమతో.

ఈ సంగతి ఇద్దరు ముగ్గురు స్నేహితులతో అన్నాము. ఒకాయన తేల్చి చెప్పాడు: "మంచిదే అయింది గదా! నిలబెట్టి తీసి ఉంటే చెయ్యి జేబులో ఉండేది, జబ్బు దాగి ఉండేది. దిగిన ఫోటో అబద్ధం, తీసిన ఫోటో నిజం. నిజం బయటపడితే నష్టమేమిటి?" ఈ వాదంలో కొంత బలముంది. నాన్నగారికి జబ్బు సంగతి అప్పటికే తెలిసి, మాత్రలు వాడుతున్నారు కనుక మా ఫోటో వల్ల ఆయనకు కలిగిన మేలేమీ లేదని సమాధానం చెప్పవచ్చు. కాని అది తప్పించుకోవడం. ఆయనకు తెలియకుండా ఉండి, మా ఫోటోతోనే తెలిసి ఉంటే? అప్పుడు మాత్రం మేము చేసింది ఒప్పవుతుందా?

మేము దీనిని చాలా రోజులు ఆలోచించాము. మాకు తోచిందేమిటంటే, చూడడం ఒకటి, పంపడం ఇంకొకటి. పార్కిన్సన్ వీధిలో చూశాడు, రాశాడు కూడా, కాని ఆ మనుషులెవరో రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఎవరికీ తెలియదు. మేము ఊపిరి లెక్కపెట్టి కేసు షీటు మూసినట్టే అది. మేము నాన్నగారి నడకను తీయడం తప్పా అంటే, ఇప్పటికీ తప్పనలేము. కొడుకు తండ్రిని చూడకుండా ఎలా ఉంటాడు? తీసినదాన్ని ఆయనకు చూపించకముందే లోకానికి చూపించడం తప్పు. ఆయన చెప్పవలసిన మాటను ఆయన నోట్లోంచి లాక్కొని మేము చెప్పేశాము. తెలియక చెప్పాము గనుక నేరం తగ్గుతుందేమో గాని, పోయిన మాట తిరిగి రాదు.

దిగిన ఫోటో అబద్ధమనే మాట మాత్రం ఒప్పుకోము. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కట్టడాల్లో పనిచేసే ఒకతను కొన్నాళ్ళ కిందట కార్నిష్ దగ్గర మా చేతిలో కెమెరా చూసి "అన్నా, మా అమ్మకు పంపాలె, ఒకటి తియ్యవా" అన్నాడు. తియ్యబోతే ఆగమని, పక్కనున్నవాడి కళ్ళద్దాలు అడిగి పెట్టుకొన్నాడు. అంగీ గుండీలు సరిచేసికొన్నాడు. వెనక ఎత్తైన మేడలు పడేటట్టు జరిగి, ఛాతీ విరిచి నిలబడ్డాడు. ఇలాంటి ఫోటోలు చూసి మనలో మనం నవ్వుకొంటాము, పరాయివాడి కారుకు ఆనుకొని దిగారని. అతణ్ణి ఆ ఎండలో, ఆ బస్సు దిగేటప్పుడు, తెలియకుండా తీసి ఉంటే అది గొప్ప క్యాండిడ్ అయ్యేది, పోటీకి పంపితే బహుమతి కూడా వచ్చేదేమో. ఆ తల్లికి అది ఏమి చెబుతుంది? అతడు చెప్పదలచుకొన్నది "నేను నిలబడి ఉన్నానమ్మా" అని. ఆ మాట అబద్ధం కాదు. మా నాన్నగారు జేబులో పెట్టుకొన్న చెయ్యి కూడా అలాంటి మాటే.

పిల్లల సంగతి వేరుగా చెప్పాలి, వాళ్ళను మనం ఎక్కువ తీస్తాము, తక్కువ అడుగుతాము. మా పాప ఇసకలో పడి ముక్కు కారుస్తూ ఏడుస్తున్న ఫోటో ఒకటి మాకు ముద్దు. దానికి ఏడేళ్ళు. "నాన్నా, అది తీసెయ్" అన్నది. "ఎంత బాగుందో చూడు" అన్నాము. "బాగున్నది నీకు" అన్నది. తీసేశాము, కొంచెం ఏడుపుతోనే.

ఇంకొక సంఘటన ఉంది. ఇదే వక్రా ఒడ్డున, ఇవన్నీ జరగడానికి నెల ముందు, ఈ ఊరి పెద్దమనిషి ఒకాయన మా దగ్గరకు వచ్చి సలాం చెప్పి, "మా ఇంటి ఆడవాళ్ళు మీ ఫోటోల్లో పడి ఉంటారు, ఒకసారి చూడవచ్చా?" అని మర్యాదగా అడిగాడు. చూపించాము. రెండింటిలో దూరంగా నల్లని ఆకారాలు నాలుగు, ముఖాలు కూడా తెలియడం లేదు. తీసేయమన్నాడు, తీసేశాము. దారి పొడుగునా కారులో గొణుక్కొన్నాము, అంత దూరంలో ఉన్నదానికి ఇంత రాద్ధాంతమా అని. మా ఆవిడ మాత్రం "ఆయన వాళ్ళది వాళ్ళకు ఇచ్చేయమన్నాడు, అంతే గదా" అన్నది. చట్టం కూడా ఆయన వైపే ఉంది. ఈ దేశంలో 2025లో సైబర్ నేరాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, బహిరంగ ప్రదేశంలో ఉన్న మనిషి ఫోటోనైనా అతని అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెడితే ఏడాది దాకా జైలు, లక్ష రియాళ్ళ దాకా జరిమానా పడవచ్చు. మన దేశంలోనూ 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు ఇచ్చింది. కాని కన్నతండ్రి విషయంలో ఏ పోలీసూ వచ్చి అడగడు. ఇంట్లోవాళ్ళు మనవాళ్ళే కనుక వాళ్ళ ముఖాలూ మనవే అనుకొంటాము. పరాయివాడికి చూపించే మర్యాద వాళ్ళకు చూపించము.

ఒక రాత్రి అందరూ పడుకొన్నాక నాన్నగారి పక్కన కూర్చొని ఆ ఎనిమిది ఫోటోలు తెరిచాము. గుంపులోంచి తీసేశామని, కాని ముప్ఫైనాలుగు ఫోన్లలోంచి తీయలేమని చెప్పాము. ఇవి కూడా చెరిపేస్తామన్నాము. ఆయన కళ్ళజోడు పెట్టుకొని ఒక్కొక్కటే చూశారు. మళ్ళీ మొదటినుంచి చూశారు. లెక్కలు దిద్దేటప్పుడు ఆయన అలాగే చూసేవారు.

చాలాసేపటికి "మా అమ్మ నడక నాకు గుర్తుందిరా. బిందె చంకన పెట్టుకొని ఒకవైపుకు ఒరిగి వచ్చేది. ముఖం ఎంత తలుచుకొన్నా రాదు" అన్నారు.

మేమేమీ అనలేదు.

"చెరపకు. ఉంచు. ఎవరికీ పంపకు. పాప పెద్దదయ్యాక అడిగితే చూపించు" అన్నారు.

అడగకపోతే? ఆ ప్రశ్న అడగబోయి మానుకొన్నాము. ఆయన చెప్పినదానిలోనే దానికి జవాబున్నది కాబోలు. చెప్పకుండా తీసినదాన్ని ఆయన ఆ రాత్రి, నెల రోజుల తర్వాత, దిగారని మేము అనుకొన్నాము. ఒకవేళ వద్దని ఉంటే చెరిపేసి ఉండేవాళ్ళమా అని ఎవరైనా నిలదీస్తే, ధైర్యంగా అవునని చెప్పలేము. వైద్యుడిగా అవును. కొడుకుగా ఆ ఎనిమిదీ ఎక్కడో ఒక మూల దాచి ఉండేవాళ్ళమని భయం.

వాళ్ళు ఊరికి బయలుదేరే ముందు శుక్రవారం మళ్ళీ వక్రా వెళ్ళాము. కెమెరా సంచిలోనే ఉంచాము. పొద్దు వాలుతుండగా నాన్నగారే "ఏరా, కెమెరా తేలేదా?" అని అడిగారు. తీసి పట్టుకొనేసరికి ఆయన చొక్కా సరిచేసికొని, సముద్రానికి వీపు పెట్టి, అమ్మను పక్కకు పిలిచి నిలబడ్డారు. కుడిచెయ్యి జేబులో పెట్టుకొన్నారు. గుంపులో అందరికీ అప్పటికి సంగతంతా తెలుసు.

"ఊఁ, ఇప్పుడు తియ్యి" అన్నారు.

ఒక్కటే తీశాము. ఆయనకు చూపించి, సరేనన్నాక, అక్కడనుంచే పంపాము. ఇల్లు చేరే లోపల మేనత్త జవాబు పెట్టింది: "అన్నయ్య నిక్షేపంగా ఉన్నాడు."